ఇనుప చెప్పు

సైలీషియా రైల్వే యార్డులో, తొమ్మిదో లైను పక్కన
నాకు పని నేర్పింది లుత్సినా.
అప్పటికి ఆమెకు యాభై మూడేళ్లు,
ఎడమచేతికి మూడే వేళ్లు.

గుట్ట మీద ఇంజను వ్యాగన్లను వదిలేస్తుంది.
చీకట్లో అవి తమంతట తామే దిగివస్తాయి,
డ్రైవరు లేడు, దీపం లేదు.
పట్టా మీద ఇనుప చెప్పు పెట్టడం మా పని.
చక్రం వచ్చి దాన్ని తొడుక్కుంటుంది,
నిప్పులు రాలుస్తూ, కీచుమంటూ
కొంత దూరం ఈడ్చుకుపోయి
ముందు నిలబడ్డవాటిని భుజంతో తాకుతుంది.
తాకాలి, అంతే. ఢీకొట్టకూడదు.

మొదటి వారం నాకు ఖాళీ వ్యాగన్లంటే భయం,
రేకు డబ్బాల్లా అవి చేసే గోలకి.
బొగ్గు నిండినవి మంచు మీద పిల్లిలా వచ్చేవి.
"తొణకని నిండుకుండలే కాయెతాన్,
ఇక్కడ మనుషుల్ని చంపేవి" అంది.
"వేగం ఒక్కటే చూడకు. బరువూ చూడు.
రెంటినీ హెచ్చవేస్తే ఎంతో,
అంతా నీ మీదకి వస్తుంది."

బళ్లో దాన్ని ద్రవ్యవేగం అన్నారు.
రాసి మార్కులు తెచ్చుకున్నాను.
అది ఊపిరి బిగబట్టి వస్తుందని
ఏ పుస్తకంలోనూ లేదు.

ఆమె వేళ్ల సంగతి ఒకసారి అడిగాను.
"తొందర" అంది. టీ చప్పరించి,
"నాది కాదులే" అంది.

ఒక రాత్రి చెప్పు మరీ దగ్గరగా పెట్టాను.
చక్రం తొడుక్కునీ తొడుక్కోకముందే ఢాం!
వ్యాగన్ నిండా దోసకాయ ఊరగాయ సీసాలు.
తెల్లారేదాకా యార్డంతా సోయాకూర వాసన, పులుపు.
ఆమె తిట్టలేదు.
"ఆగాల్సింది ఎలాగూ ఆగుతుంది.
ఎంతసేపట్లో అన్నదొక్కటే మన చేతిలో ఉంది.
రెప్పపాటులో ఆపితే సమ్మెట,
పది క్షణాలిచ్చి ఆపితే అరచెయ్యి."

ఫిబ్రవరిలో క్యాబిన్‌లో ఫోను మోగింది.
లుత్సినా తీసింది. వింది. పెట్టేసింది.
"పన్నెండో లైన్లో చెప్పులు లెక్కపెట్టాలి, రా."
లెక్కపెట్టాం. పద్నాలుగు.
"మీ తమ్ముడు ఈ వారం ఏ షిఫ్టు?"
రాత్రి షిఫ్టు, అన్నాను.
నడిచాం. మంచు బూట్ల కింద కరకరలాడింది.
"ఎంత లోతులో?"
ఏడొందల మీటర్లు.
నడిచాం.
"గనిలో పైకప్పు కదిలిందట."
నడిచాం.
"కొందర్ని పైకి తెచ్చారట."
కొందరు అన్న మాట దగ్గరే
నా మోకాళ్లకి తెలిసిపోయింది, నాకింకా తెలియలేదు.
గేటు దీపం కింద ఆగి
ఇగ్నాత్సి పేరు చెప్పింది.

నేను పడిపోలేదు.
అందుకే ఆమెను క్షమించలేదు.
నలభై రోజులు మాట్లాడలేదు.
ఆ పదిహేను నిమిషాలు నావి.
తమ్ముడు లేని లోకంలో నేనుండాల్సిన నిమిషాలు,
ఆమె జేబులో వేసుకుని తిరిగింది,
నాచేత ఇనుప ముక్కలు లెక్కపెట్టించింది.

బలాన్ని కాలంతో హెచ్చవేస్తే ప్రచోదనం.
కాలం సాగదీస్తే బలం సన్నగిల్లుతుంది,
మొత్తం మాత్రం మారదు.
లుత్సినా నాకేమీ తగ్గించలేదు, ఒక్క గ్రాము కూడా.
పన్నెండో లైను నుంచి గేటు దాకా
దాన్ని పరిచింది. అంతే.

నలభై ఒకటో రాత్రి తనే చెప్పింది,
నా వైపు చూడకుండా, గుట్ట వైపు చూస్తూ.
"మా ఆయనదీ ఆ గనే.
చేతిలో చెప్పుంది. బండి దిగుతోంది.
ఎవరో కిటికీలోంచి అరిచారు, ఒక్క ముక్కలో.
చెయ్యి తియ్యడం మర్చిపోయాను."

ఏమనాలో తెలియలేదు.
పైన కొక్కెం ఊడిన చప్పుడు.
వచ్చేది నిండుదో ఖాళీదో
ఇంకా వినపడటం లేదు.
ఆమె చేతిలోంచి చెప్పు తీసుకుని
నేనే పెట్టాను,
కాస్త దూరంగానే.