‘తింటావా’ అంటే

మావాడి భాషలో ‘తింటావా’ అంటే
‘నాకు ఆకలేస్తోంది’ అని.
‘నీళ్లు తాగుతావా’ అంటే దాహం.
నేనడిగినవన్నీ
నా గొంతుతోనే, నా సాగదీతతోనే దాచుకుని
అవసరం పడ్డప్పుడు తిరిగి నా చేతిలో పెడతాడు,
కొట్టువాడు చిల్లర ఇచ్చినట్టు.

తొమ్మిదేళ్లు. పేరు వరహాలు.
మా అత్తగారు సింహాచలం కొండమీద మొక్కి పెట్టుకున్న పేరు.
పేరుకి పలకడు.
పక్కింట్లో మిక్చరు పొట్లం చింపితే మాత్రం
గుమ్మంలో ఉంటాడు.

కంచరపాలెం నుంచి ద్వారకానగర్‌కి
వారానికి మూడుసార్లు బస్సు.
ఎడమవైపు, కిటికీ పక్క సీటు.
ఖాళీ లేకపోతే దిగి, ఇంకో బస్సు.
గురుద్వారా దగ్గర హారన్లు మొదలవుతాయి
నా రెండు చేతులూ వాడి చెవులమీద,
టికెట్లు నా పళ్ల మధ్య.
“ఏటమ్మా, పిల్లడికి గాలి సోకిందేటి?” అందొకావిడ.
దిగాక గుర్తొచ్చింది జవాబు:
గాలి కాదప్పా, మోత సోకింది.

థెరపీ సెంటరు మెట్లమీద మేం ఐదుగురం.
నూకరత్నం చిక్కుళ్లకి ఈనెలు తీస్తుంది.
షమీమ్ గోడకి తల ఆనించి నిద్రపోతుంది,
ఎవరం లేపం.
ఇక్కడ ‘తగ్గుతుందా’ అని ఎవరూ అడగరు
‘రాత్రి ఎన్ని గంటలు?’ అంటారు, అంతే.
మొన్న నూకరత్నం కొడుకు చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు.
ఒక్కటే. అదీ పై నుంచి రెండోది.
ఆ రోజు మెట్లన్నిటికీ మైసూర్‌పాకు.

సముద్రం పడదనుకున్నాను వాడికి.
కుక్కరు కూతకే మంచం కిందకి దూరేవాడు
లాసన్స్ బే తడి ఇసుకలో గంటసేపు కూర్చున్నాడు,
అల వచ్చినప్పుడల్లా వేళ్లు ఆడిస్తూ.
అన్నమాటే అనేవాళ్లు
ఇంకొకరున్నారని తెలిసినట్టు.

కొట్టాను, ఒకసారి.
‘నీతో నావల్ల కాదురా’ అని కూడా అన్నాను.
మూడు నెలల తర్వాత, ఇడ్లీ తింటూ
ఆ మాట నాకు తిరిగిచ్చాడు. మెల్లగా,
నా ఏడుపు జీరతో సహా.
వాడి భాషలో దానికి అర్థమేంటో
ఇంకా కనుక్కోలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
పోర్టు వైపు ఏదో ఓడ కూసింది.
గిన్నెలు తోమకుండా
వంటింటి గడపలో కూర్చుండిపోయాను.
వచ్చాడు.
నా మొహంలోకి కాదు, నా చెవిదిద్దు వంక చూస్తూ
“పడుకుంటావా?” అన్నాడు.

వాడి భాషలో అయితే వాడికి నిద్రొస్తోంది.
నా భాషలో అయితే

లేచి చాప పరిచాను,
ఇద్దరు పట్టేది.