సూట్ తీసినంకనా, తీయకముందా?

కాలేజీల మేం ఒకరికొకరం పిల్లలమైనం.
ఇద్దరు బిడ్డల తల్లి సువర్ణక్క
ఏడో తరగతి పోరి లెక్క చెయ్యెత్తి
"టీచర్, నాకు సమజ్ కాలే" అనేది,
సమజైన మొఖంతోనే.
ప్రశ్న అడిగినంక మూడు సెకన్లు ఆగాలె.
అదొక నైపుణ్యం, దానికి ఐదు మార్కులు.
లోపట్నే లెక్కపెట్టుకునేదాన్ని.
మూడు కాంగనే జవాబొచ్చేది
చెప్పిపెట్టినట్టు.
చెప్పిపెట్టిందే గదా.

నలభై పాఠాలు చెప్తేనే రికార్డు నిండుతది.
దేవరకొండ బస్టాండుల ఏడున్నర బస్సు.
ఒళ్లో చార్టులు చుట్టలు చుట్టలుగ.
పక్కన కూసున్న ముసలామె
"క్యాలెండర్లు అమ్ముతవా బిడ్డా?" అన్నది.
టీచర్నని అననీకె నోరు రాలే,
చదువుకునే పిల్లనని అనబుద్ధి గాలే.
"బడికి పోతున్న" అన్న.
అది అబద్ధమైతే కాదు.

ముత్యాలు సారు తన కుర్చీని
ఎనక బెంచీల దాక జరుపుకున్నడు.
సుద్దముక్క చేతికిచ్చి
"గట్టిగ వత్తకు, ఇరుగుతది" అన్నడు.
ఆయన ఇచ్చిన శిక్షణ అంతే.

ఇరవై రెండో పాఠం, ఏకవస్తు మార్గం.
పాఠ్యపథకంల ఎడమ దిక్కు నా ప్రశ్న,
కుడి దిక్కు పిల్లల జవాబు.
వాళ్లింక నోరు తెరవకముందే
రాత్రి నేనే రాసిపెట్టుకున్న.
లెక్క ఊరి లెక్కనే ఉండాలెనని
ముచ్చటపడి బత్తాయిని తెచ్చిన:
టన్ను ఇరవై వేలు. మూడు టన్నులకెంత?

ఒకటి. రెండు. మూడు.
నాలుగు ఎట్లుంటదో నాకెవ్వరు నేర్పలే.
ఐదు.
కిటికవతల బువ్వ వండే ఆమె
పప్పు గిన్నె మీద మూత జరిపిన సప్పుడు.
ఎనిమిది.
తొమ్మిది.
మూల బెంచీల నేనావత్ హర్లాల్ లేసిండు,
ఇన్ని దినాల్ల ఒక్కమాట మాట్లాడనోడు.
"సూట్ తీసినంకనా టీచర్, తీయకముందా?"

ఎవ్వరు నవ్వలే.
నవ్వినా మంచిగుండు.
అందరికి ఎరుకున్న మాట,
నాకొక్కదానికే తెల్వదు.
సూపర్‌వైజర్ పెన్ను టోపీ తీసిండు.

"సూట్ అంటే ఏంది?" అని అడిగిన.
జవాబు తెల్వకుంట నేనడిగిన
మొట్టమొదటి ప్రశ్న అది.

ఒక్కపారే పన్నెండు చేతులు లేసినయ్.
టన్నుకో క్వింటాల్ ఊకెనే పోతది టీచర్.
యాపారి పట్టుకుంటడు టీచర్.
కాయ మెత్తబడితే ఇంకింత.
మా నాయన లొల్లి వెట్టుకుండు,
తెల్లారి మా తోట కాడికి లారీ రాలే.

సుద్ద హర్లాల్ కిచ్చిన.
మూడు క్వింటాళ్లు కొట్టేసి
ఇరవై ఏడింటికి లెక్క కట్టిండు.
యాభై నాలుగు వేలు.
గట్టిగనే వత్తిండు, సుద్ద ఇరిగింది.
నా పుస్తకంల కుడి దిక్కు అరవై వేలు.
నడుమ ఆరు వేలు.
గంట కొట్టిందాక
వాటెంబడే తిరిగినం క్లాసు క్లాసంత.

"ఆశించిన జవాబు రాబట్టలేదు. సమయపాలన లోపం."
ఎర్రసిరా. పదికి నాలుగు.
ముత్యాలు సారు ఆ పేజీ సదివి మూసి
"రేపు తొమ్మిదో తరగతి కూడ తీసుకో,
నాకు బ్యాంకుల పనున్నది" అన్నడు.

ఇయ్యాల నల్లగొండల ఒక ప్రైవేటు బడి.
ఇచ్చిన కాయితంల ఒక గడి,
అనుభవం: ఎన్ని సంవత్సరాలు?
సున్న పెట్టబోయి
పెన్ను ఆపిన.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు.