మధ్యాహ్నం దాకా

జూలై ఒకటి. సముద్రం మీంచి పొగమంచు ఇంకా లేవలేదు.
పోస్టాఫీసు తాళం తీసేలోపే జెండా సంగతి చూడాలి.
ముందు కొసదాకా ఎక్కించి, తర్వాత సగానికి దించాలి.
నేరుగా సగంలో ఆపకూడదు,
దుఃఖానికీ ఓ మర్యాద ఉంది.
పన్నెండు కొట్టగానే మళ్ళీ పైకి.

ఈ రోజు మధ్యాహ్నం దాకా పోయినవాళ్ళది.
అక్కణ్ణించి కేకుది, బాణాసంచాది,
కెనడా పుట్టినరోజుది.
ఇరవై ఆరేళ్ళుగా ఈ తాడు నాది.
అరచేతిలో ఉన్న గీతలు చాలనట్టు
ఇదొకటి గీసిపెట్టింది.

మా స్కల్పిన్ కోవ్‌లో ఇళ్ళు ముప్పై ఒకటి,
రాతి మీద పేర్లు పదకొండు.
బడిపిల్లలు చొక్కాలకి నీలిపూలు గుచ్చుకుని వస్తారు.
నన్ను మరవకు అని ఆ పువ్వు పేరులోనే బతిమాలుకుంటుంది.
టీచరమ్మ చదువుతుంది:
బోమాంట్ హామెల్, ఉదయం తొమ్మిదింపావు,
కందకంలోంచి లేచినవాళ్ళు ఎనిమిది వందలు,
అరగంట,
మర్నాడు పిలిస్తే పలికినవాళ్ళు అరవై ఎనిమిది.
పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు ఆమెతో గొంతు కలుపుతారు.

గుళ్ళవానలోకి ఎలా నడిచారో కూడా వాళ్ళకి తెలుసు:
తల వంచి, గడ్డం భుజానికి ఆనించి,
ఇంటి దగ్గర మంచుతుపానుకి ఎదురెళ్ళినట్టు.
ఆ పొద్దున ఒక్క గజం నేల దక్కలేదు.
ఆ దక్కని గజం మీదే
న్యూఫౌండ్‌లాండ్ అనే దేశాన్ని నిలబెట్టుకున్నాం,
పునాది లేదని ఎవరూ అడగలేదు.

రాతి మీద అయిదో పేరు ల్యాంబర్ట్ పార్డీ.
వాళ్ళ తమ్ముడు హెడ్లీ మా తాతయ్య,
ఆ రాతి మీద లేడు.
ఆవేళ దవడ వాచి వెనక కందకంలో పడుకున్నాడు.
పన్నునొప్పి బతికించింది.
మర్నాడు అన్న పేరు పిలిచినప్పుడు
తన నోరే తెరుచుకుందట,
పలకబోయి మూసుకున్నాడట.
ఒక్కసారే చెప్పాడు, వల కుట్టుకుంటూ, నా వైపు చూడకుండా.

నలభై ఎనిమిదిలో ఓటు వచ్చింది.
మన దేశం మనకే ఉండాలా, కెనడాలో కలవాలా?
"మీ అన్న దేనికోసం పోయాడు?" అంది అమ్మమ్మ సెలీనా.
తాతయ్య పిండిపీపాలో చెయ్యి పెట్టి చూశాడు.
అడుగు తగిలింది.
ఏడుగురు పిల్లలు, కెనడా వాడు తలకింతని
నెలనెలా డబ్బు ఇస్తాడట.
వెళ్ళి కెనడాకి గీత గీసి వచ్చాడు.
దాచలేదు. అబద్ధం చెప్పే ఓపిక లేదు పాపం.

"చచ్చినవాడు దేశం ఇచ్చాడు,
బతికినవాడు అమ్ముకున్నాడు."
అమ్మమ్మ ఆ చలికాలంలో ఆయనతో అన్న మాట అదొక్కటే.
కంచం పెట్టేది, నోరు విప్పేది కాదు.
ఏప్రిల్లో దేశం పోయాక
గుమ్మానికి నల్లగుడ్డ కట్టింది, తీయనివ్వలేదు.
వేటకి వెళ్తూ వస్తూ తాతయ్య దాని కిందనుంచే దూరేవాడు,
తల వంచి,
గడ్డం భుజానికి ఆనించి.

ఆ డబ్బుతోనే మా అమ్మకి బూట్లు కొన్నారు.
అదీ చెప్పాలి.

ఏటా ఈ పొద్దున ఆయన పడవ తీసుకుని వెళ్ళిపోయేవాడు.
రాతి దగ్గరికి రమ్మని ఎవరూ పిలిచింది లేదు.
పోయినవాళ్ళకి పూలుంటాయి,
పంటి చలవన మిగిలినవాడిని
ఏ వరసలో నిలబెట్టాలో ఊరికి తెలియలేదు.
మధ్యాహ్నం దాటాక
రెండు కాడ్ చేపలతో వచ్చేవాడు.

పన్నెండు అవుతోంది.
పిల్లలు అప్పుడే బుగ్గల మీద ఎర్ర ఆకు దిద్దించుకున్నారు,
నీలిపువ్వు చొక్కా మీద అలాగే ఉంది.
అందరి కళ్ళూ నా చేతుల మీద.
తాడు చిక్కుపడింది, ఒక్క నిమిషం ఆగండి, అంటాను.
ఏ చిక్కూ లేదు. ఏటా ఇదే అబద్ధం,
ఊరందరికీ తెలుసు, ఎవరూ ఏమీ అనరు.

పొద్దున ల్యాంబర్ట్‌ది. సాయంత్రం కెనడాది.
ఈ నిమిషం
పన్నునొప్పివాడిది.