మూడు ఫ్లాపీలు

ఉష్గులి దారి మూసుకుపోయి ఇరవై రోజులు.
మంచు కిటికీ నడుందాకా ఎక్కి
లోపలికి తొంగి చూస్తోంది.

నాజిబ్రోలా టీచరమ్మ లాప్‌టాప్
సీడీ పెడితే కక్కేస్తుంది.
పెన్‌డ్రైవ్ వంక చూడనైనా చూడదు.
మిగిలిన నోరు ఒక్కటే,
పక్కన సన్నగా, ఫ్లాపీ పట్టేంత.

బేఖాన్ బూట్లు దులుపుకుని కూర్చున్నాడు.
"మూడు కావాలి టీచర్.
ఒకటి నిద్ర లేపడానికి, ఒకటి నిలబెట్టడానికి,
ఒకటి కేబుల్‌తో మాట్లాడటం నేర్పడానికి.
మిగతా లినక్సంతా తీగ మీద అదే నడిచొస్తుంది."

సొరుగులో దొరికినవీ మూడే.
ఒకటి ఖాళీ.
ఒకదాంట్లో, బడికి పొయ్యి ఇప్పించమని పెట్టుకున్న అర్జీ.
పొయ్యి రాలేదు, అర్జీ పోతే పోనీ.
మూడోదాని మీద నీలం సిరా:
ఏడో తరగతి, మార్కులు.

దాన్ని మాత్రం చేతిలోంచి వదల్లేదావిడ.
సందు దాటి వైద్యశాల గదికి తనే పట్టుకెళ్లి
అక్కడి కంప్యూటర్లో తెరిచి
పాత క్యాలెండరు వెనక ఒక్కో పేరే దించుకుంది.
పద్నాలుగు పేర్లు.
తొమ్మిదిమంది ఇప్పుడు ఈ కొండ మీదే లేరు.
"బేఖాన్. లెక్కలు. రెండు."
పైకే చదివింది.
ఐదుకి రెండు.
ముప్పయ్యేళ్లవాడు చెవులు ఎర్రబడి
ఫ్లాపీ చెరిపే మీట నొక్కాడు.

కేబుల్ కిటికీలోంచి కిటికీలోకి,
మధ్యలో బట్టలారేసే తాడు ఆసరా.
మొదటి ఫ్లాపీ గరగరలాడింది,
తిరగలిలో రాయి పడ్డట్టు.
రెండోది పరవాలేదు.
మూడోది సగంలో ఆగి, చదవలేనంది.
బేఖాన్ దాన్ని తీసి, చొక్కాలో పెట్టుకుని,
ఒంటి వెచ్చదనంలో కాసేపుంచి
మళ్లీ తోశాడు.
ఎందుకు చదివిందో నన్నడక్కండి.

నల్లటి తెర ఒక ప్రశ్న వేసింది:
ఈ యంత్రానికి పేరేమిటి?
టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని
ఒక్కో అక్షరం వెతికి కొట్టింది: ఓరి.
వాళ్ల భాషలో, రెండు.
వాడు నవ్వాడో మూలిగాడో తెలీలేదు.

రాత్రంతా తీగ మీద పొట్లాలు పొట్లాలుగా వచ్చింది.
రెండుసార్లు కరెంటు పోయింది,
రెండుసార్లూ మొదట్నుంచి.
మధ్యలో ఆవిడ మాంసం రొట్టె వేడిచేసి పెట్టింది,
పెద్ద ముక్క వాడికే.

తెల్లారేసరికి
బొమ్మల్లేవు, రంగుల్లేవు.
ఒకే ఒక్క వరస:

ఓరి లాగిన్:

పక్కన గీత ఆరుతూ వెలుగుతూ,
పేరు పిలిచి
జవాబు కోసం ఆగిన టీచర్లా
తొందరేమీ లేకుండా.