ముప్పావుగంట

మొదటి పదిరోజులూ దారి తప్పినందుకు పోట్లాడుకున్నాం.
ఆ తర్వాత తప్పడానికి రెండో దారే లేకపోయింది.
నల్లార్‌బోర్ అంటే చెట్టన్నది లేని చోటట.
పాణి అద్దంలోంచి బయటికి చూసి
"పేరు సరిగ్గా పెట్టారు" అన్నాడు.
పేర్ల దగ్గర తనకి పట్టింపు.
ముప్పై ఏళ్లు శుభలేఖలు అచ్చేసిన మనిషి,
ఒక్క దీర్ఘం పోయిందని వెయ్యి కార్డులు చింపేసినవాడు.

బండి అద్దెదే గానీ స్టీరింగ్ నాది.
ఆటోనగర్ గ్రీజు వాసనలో పెరిగినదాన్ని.
ఎదురుగా మూడు బోగీల లారీ వస్తుంది,
డ్రైవరు చక్రం మీంచి ఒక్క వేలు లేపుతాడు.
అంతే పలకరింపు.
నేనూ ఒక వేలు లేపుతాను.
గంటకొకరు చొప్పున
నాకు ఈ దేశంలో చుట్టాలు.

తెల్లారితే సరిహద్దు.
పళ్లూ కూరలూ ఆకులూ దాటనివ్వరన్నారు.
రాత్రి వ్యాను వెనక తలుపు ఎత్తుకుని
మిగిలిన నాలుగు కమలాలూ ఆకలి లేకుండా తిన్నాం.
రెండు టమాటాలు, ఒక వంకాయ, సగం సొరకాయ
అన్నీ ఒకే గిన్నెలో.
గాలికి స్టవ్వు ఆరిపోతుంటే
పాణి తన చొక్కా విప్పి అడ్డం పట్టుకున్నాడు.
కరివేపాకు కట్ట సంగతి ఇద్దరం మర్చిపోయాం.

పొద్దున చెక్‌పోస్టులో
నీలం తొడుగుల ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి
వెలుగులో తిప్పి చూసి
పేరడిగింది.
పాణి అక్షరం అక్షరం చెప్పాడు.
ఆవిడ రాసుకుంది. సంచిలో వేసి మూతి కట్టి
మీద చీటీ అంటించింది.

"చూశావా," అన్నాడు బండి కదిలాక,
"జన్మంతా ఏరి అవతల పెట్టినదానికి
ఇక్కడ ఎంత మర్యాదో!"
నవ్వాను.
రెండు కిలోమీటర్లు పోయాక నవ్వు దానంతటదే ఆగింది.
తన కంచం అంచున వరసగా పేర్చిన ఆకుల్ని
ఇన్నేళ్లూ ఎత్తి పారబోసింది నేనే.

సరిహద్దు దాటితే గడియారం ముప్పావుగంట వెనక్కి.
అరగంటా కాదు, గంటా కాదు.
ఏ ప్రభుత్వమూ రాసిచ్చిన లెక్క కాదట,
రోడ్డు పక్క నాలుగు ఊళ్లు తమలో తాము అనుకున్నదట.
"మాకు సరిపోతోంది" అంది పెట్రోలు బంకు పిల్ల, భుజాలెగరేసి.
పాణి చేతి గడియారం ముల్లు తిప్పాడు.

అడగని డబ్బులా చేతికొచ్చిన ముప్పావుగంట.
కొండ అంచున ఇంజను ఆపాను.
కింద ఇసుక, ఇసుక వెనక సముద్రం,
ఇసుకలో సగం మునిగిన పాత తంతి ఆఫీసు గోడలు.
చాలాసేపు వాటినే చూసి
"నీకు చెప్పకుండా ప్రెస్సు అమ్మడం తప్పే" అన్నాడు.
పదకొండు నెలలైంది అమ్మి.
ఈ ప్రయాణం ఆ డబ్బే.
ఏమనాలో తెలీక ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాను.
చల్లారిపోయింది. అయినా తాగాడు.

కైగూనా దగ్గర ఇంకో ముప్పావు.
అక్కణ్ణుంచి నూట నలభై ఆరు కిలోమీటర్లు
మలుపన్నది లేదు.
నేను పాడలేదు, తను మ్యాపు తియ్యలేదు.
చచ్చిన కంగారూ మీంచి గద్ద ఒకటి
తీరిగ్గా లేచి, మేం దాటాక మళ్లీ వాలింది.

నార్స్‌మన్‌లో చెట్లు మొదలయ్యాయి.
పెర్త్‌లో సిగ్నళ్లు.
"ఎడమకి." "ఇప్పుడా చెప్పడం?" "నువ్వు ఆగితే కదా!"
అమ్మయ్య, మళ్లీ మాటలొచ్చాయి.

వ్యాను అప్పగించే చోట కుర్రాడు
చుట్టూ తిరిగి, వంగి, టైర్లు తడిమి చూసి
"కొత్త గీతలేం లేవు" అన్నాడు.
పాణి గడియారం చూసుకుని గాభరా పడ్డాడు:
"లేటైపోయింది, పద పద!"
రెండోసారి ముల్లు తిప్పనేలేదు తను.
చెప్పబోయి
సూట్‌కేసు అందుకున్నాను.

విమానానికి ఇంకా మూడు గంటలుంది.
తన లెక్కలో రెండుంబావు.