పెన్సిలు పేరు

హాజరుపట్టీలో చివరి పేరు నాది.
అరవై మందీ పలికేశాక
పుస్తకం మూయబోతూ ఆగి, కళ్లజోడు సర్దుకుని
"ఇంకా ఎవరో ఉండాలే… ఆ, గేదెల ఝాన్సీ" అంటారు సారు.

నా నెంబరు తోకన ఒక ఎల్ ఉంది.
లేటరల్ అంటే పక్కనుంచి వచ్చినదట.
మా అమ్మ లేటు అనుకుంది.
"బేగి లెగిసి ఎల్లమ్మా, మళ్లీ లేటంతారు" అని
రోజూ ఆరింటికే ఫోను.

బొబ్బిలిలో మూడేళ్లు డిప్లొమా.
ఆగిపోయిన మోటారును వాసన చూసి చెప్పగలను
కాలింది కాయిలో, బేరింగో.
ఇక్కడ నేరుగా రెండో ఏట కూచోబెట్టారు.
మొదటి ఏడు అందరి తలల్లోనూ ఉంది,
నా తలలో ఆ చోట ఒక ఖాళీ బెంచీ.
"ఇది మీకు తెలిసిందే కదా" అని
సారు చెరిపేసిన లైనే
నాకు తెలియనిది.

మద్దిలపాలెంలో బస్సు దిగి ఇరవై నిమిషాల నడక.
ఎటు చూసినా ఒకేలాంటి రాతి గోడలు.
మొదటి వారం గాలినే ఆనవాలు పెట్టుకున్నాను:
ఉప్పుగాలి మొహాన కొడితే దారి సరైనది,
వీపున కొడితే తప్పినట్టు.

ఆఫీసులో మూడో కౌంటరాయన
బ్రిడ్జి కోర్సు ఫారం అటూ ఇటూ తిప్పి
"మీరింకా కంప్యూటర్లో పుట్టలేదమ్మా" అన్నాడు.
పుట్టడానికి పదకొండు రోజులు పట్టింది.

రాత్రిళ్లు హాస్టలు డాబా మీంచి చూస్తే
నడిసంద్రంలో దీపాలు పెట్టుకుని నిలబడ్డ ఓడలు.
రూమ్మేటు నూకరత్నం వాళ్ల నాన్నది టగ్గు మీద పని.
"ఎంత పెద్ద ఓడైనా తనంతట తాను రేవులోకి రాదే.
ఇక్కడి లోతు తెలిసినోడు పడవలో ఎదురెళ్లి
తాళ్ల నిచ్చెనెక్కి కెప్టెను పక్కన నిలబడాల."
కెప్టెనుకు సిగ్గెయ్యదా? అన్నాను.
"సిగ్గేటి? అది రూలు" అని
దుప్పటి ముసుగు తన్నేసింది.

పాత సైకిలు స్టాండు వెనక ఒక గది.
తలుపు మీద విద్యా సహాయ కేంద్రం అని రాసి ఉండేదట.
పెచ్చుతో పాటు 'స' రాలిపోతే
ఎవరో సుద్దముక్కతో గుడి పెట్టి
హాయి చేశారు.
మూడు సాయంత్రాలు ఆ బోర్డు చదివి తిరిగొచ్చేశాను.
లోపలికెళితే, రానిదాన్నని
నా అంతట నేనే సంతకం పెట్టినట్టు.

నాలుగో రోజు వాన.
ధైర్యం వల్ల కాదు, వాన వల్లే వెళ్లాను.

లోపల పీజీ చదివే తవిటినాయుడు
టీలో మునిగిపోయిన బిస్కట్టును
పెన్ను మూతతో తవ్వి తీస్తున్నాడు.
తలెత్తకుండానే "ఎక్కడ ఆగింది?" అన్నాడు.
ఏం రాదు అని కాదు.
ఎక్కడ ఆగింది అని.
బండి తోసుకుంటూ షెడ్డుకొచ్చినవాణ్ని అడిగినట్టు.
అది నాకు తెలిసిన భాష.

ఆ వంకర డీ దగ్గర, అన్నాను.
"రెండు నాబులున్న రేడియో అనుకో.
ఒకదాన్ని కదలకుండా పట్టుకో, రెండోది తిప్పు.
గరగర ఎంత మారిందో విను."
ఇంతేనా?
"ఇంతే. తతిమ్మాదంతా చేతిరాత."

ఇంతే కాదు, తర్వాత తెలిసింది.
ఆ వంకర డీ వెనక ఇంకా పెద్ద వంకరలున్నాయి.
అయినా ఆ సాయంత్రం
తెగిన ఆయన హీటరు వైరు నేను అతికిచ్చాను.
లెక్క సరిపోయిందన్నాడు.

వచ్చేటప్పుడు బీరువాలోంచి ఒక నోట్సు తీశాడు.
గోనెదారంతో కుట్టినది, ఉప్పుగాలికి ఉబ్బినది.
లోపలి అట్ట మీద ఒకదాని కింద ఒకటి పేర్లు,
ప్రతి పేరు పక్కనా ఎల్.
పైనుంచి నాలుగోది: తవిటినాయుడు.
కింద ఒక పేరు అడ్డంగా కొట్టేసి ఉంది.
ఇదెవరిది అంటే
వాన తగ్గిందేమో చూడమన్నాడు.

పరీక్ష డిసెంబరులో.
అందరివీ పెన్నుతో ఉన్నాయి.
నేను పెన్సిలుతో రాశాను.

డాబా ఎక్కి చూస్తే
నిన్నటి ఓడల్లో ఒకటి లేదు.
రేవులోకి వచ్చిందో, వెనక్కే పోయిందో
నూకరత్నం లేచాక అడగాలి.