కుట్లు విప్పడం

వులాంగాంగ్‌లో, క్రౌన్ స్ట్రీట్ ఆర్కేడ్ చివర
తాళాలు చేసేవాడి పక్కన నా కొట్టు.
ప్యాంట్లు పొట్టి చేస్తాను, నడుములు వదులు చేస్తాను,
ఎవరో కుట్టినదాన్ని ఇంకెవరికో సరిపెడతాను.
కొత్త బట్ట కుట్టమని ఎవరూ అడగరు. నేనూ చెప్పను.

రాత్రి పదయ్యాక కెర్రిన్ వస్తుంది.
పియానోలు శ్రుతి చేసే మనిషి.
చెవి ఎంత పదునంటే
మా ఫ్రిజ్ ఏ స్వరంలో మూలుగుతోందో చెబుతుంది.
వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి
ఆ సినిమాని మళ్ళీ కోతకు పెడతాం.

ఏ సినిమా అంటారా,
పదకొండేళ్ళు ఎదురుచూసిన మూడో భాగం.
మొదటి రోజు, మొదటి ఆట.
నీలి జెండాల ఓడ తెర నిండా లేచినప్పుడు
కెర్రిన్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.
రెండున్నర గంటల తర్వాత
పాప్‌కార్న్ డబ్బా అడుగున పేలని గింజల్లా
మేం మిగిలాం.
కార్ పార్కులో ఎవరూ మాట్లాడుకోలేదు.
ఒకతను తన కెప్టెన్ టోపీ తీసి
వెనక సీట్లోకి విసిరేశాడు, అంతే.

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు
యుద్ధానికి పోతూ ఆ వాగుడు చిలకని ఎందుకు తెచ్చారో!
మొదటి వారంలోనే చిలకని లేపేశాం.
దాని నీడ మాత్రం మూడు చోట్ల డెక్ మీద మిగిలింది.
ఓడలో అందరూ ఉన్నట్టుండి
ఖాళీ గాలి వైపు చూసి నవ్వుతారు.

ఒకటి లాగితే ఇంకోటి ఊడుతుంది.
నాకు పగలూ తెలిసిన సంగతే,
జేబు తీస్తే లైనింగు ముడతపడుతుంది.
యువరాణి ఉపన్యాసం తీసేస్తే
ఆమె చెంప మీద గాయం ఈ గదిలో ఉండి
గుమ్మం దాటగానే మానిపోతోంది.
వయొలిన్లు సగంలో తెగిన చోట
కెర్రిన్ రెండు రాత్రులు కూర్చుని
సముద్రం హోరు పరిచి అతుకు కప్పింది.
మా ఊరి సముద్రమే. నార్త్ బీచ్‌లో
గాలికి ఫోన్ అడ్డం పెట్టుకుని నిలబడి పట్టుకొచ్చింది.
ఇప్పుడా యుద్ధనౌక మా అలల మీద నడుస్తోంది.
ఆ సంగతి ఎవరికీ చెప్పం.

ఇక కెప్టెన్.
రెండో భాగంలో చక్కగా చచ్చిపోయాడు,
మేం ఏడ్చాం కూడా.
మూడోదాంట్లో లేపుకొచ్చారు.
ఏదో మంత్రం, ఏదో వెలుగు. బొమ్మలు అమ్ముకోవాలిగా.
మనిషి లావయ్యాడు, కోటు బిగుతు.
"ఇంటికొచ్చాను" అనే మాట దగ్గర నాలుక తడబడింది,
అలాగే వదిలేశారు.
అతనివి మొత్తం నలభై నిమిషాలు. అన్నీ కోసేశాం.
సినిమా గంటా ముప్ఫై ఎనిమిదికి దిగింది.
అతను లేడు కాబట్టి అందరూ అతన్నే తలుచుకుంటున్నారు,
కథ తన కాళ్ళ మీద నిలబడింది.
రేపు పంపేద్దాం అనుకున్నాం, మాలాంటి వాళ్ళకి.

మర్నాడు పెట్కోవ్‌స్కీ గారు వచ్చారు,
పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయిన మనిషి.
ఉన్ని ఓవర్‌కోటు బల్ల మీద పరిచారు.
తమ్ముడిదట. తమ్ముడు పొడగరి.
గుండుసూదులు గుచ్చుతూ అద్దంలో చూపించాను,
భుజాల దగ్గర ఇంత, నడుం దగ్గర ఇంత,
చేతులు రెండంగుళాలు పైకి.
"భుజాలు నీ ఇష్టం" అన్నారాయన,
"చేతులు ముట్టుకోకు."
వేళ్ళు కనబడటం లేదండీ అన్నాను.
"తెలుసు."
సుద్దగీత దులిపేశాను.

ఆ రాత్రి కెర్రిన్‌కి కోటు గురించి చెప్పలేదు.
కోసేసిన ముక్కల మూట విప్పి
ఆ నాలుగు సెకన్లు వెతికాను.
చివర్లో, ఓడ రేవు చేరాక,
తలుపు తెరుచుకునే చోట ఒక్క కుట్టు వేశాను.
ముఖం కూడా సరిగ్గా కనబడదు. బిగుతు కోటు,
తడబడిన ఆ ఒక్క మాట.

కెర్రిన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నది.
ఏమీ అనలేదు.
దాని కింద మాత్రం
సముద్రాన్ని కాస్త తగ్గించింది.